జెద్దాలో విల్లు మోత

“యాడున్నవే?” అన్నాడు ఆయన. “ఈడనే ఉన్న, యాడికి పోత?” అన్నాను నేను. మేమిద్దరం ఒకరితో ఒకరం ఆడుకున్న ఆఖరి మాటలు అవే. గద్వాల దవాఖానలో, కిటికీ పక్క మంచం మీద, మధ్యాహ్నపు ఎండ ఆయన పాదాల మీద పడుతున్న వేళ, నా చెయ్యి ఆయన చేతిలోనే ఉండగా అడిగిన మాట అది. చెయ్యి పట్టుకుని కూడా యాడున్నవని అడుగుతాడేమిటని పక్క మంచం కాడి ఆమె వింతగా చూసింది గానీ నాకు వింత అనిపించలేదు. అదే మాట అంతకు ముందు ఒకసారి ఆయన నన్ను సముద్రం అవతల, జెద్దాలో, విమానాలు దిగే చోట అడిగి ఉన్నాడు. అప్పుడూ నేను అదే జవాబు చెప్పాను.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న పక్కింటి కోడలు వచ్చింది. మొగుడూ పెండ్లాలు ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, పోతున్నారు. పోయే ముందు ఇంటింటికీ తిరిగి, అన్నమాట పడ్డమాట ఏమైనా ఉంటే మాఫ్ చేయమని అడగడం మాలో ఉన్న రివాజే కదా, ఆ పిల్ల కూడా అందుకే వచ్చి, నా మంచం అంచున కూర్చుని, ఫోను తీసి, తాము దిగబోయే విమానాశ్రయాన్ని ఇంటి నక్షా గీసినట్టు గీసి ఉన్నదాన్ని చూపించింది. ఇక్కడ సామాన్లు, ఇక్కడ నీళ్లు, ఇక్కడ బస్సులు, ఈ నీలం చుక్క నేను, ఆ పచ్చ చుక్క ఆయన అంటూ, మొగుని పేరును వేయించిన శనగలు నమిలినంత సులువుగా నోట్లో వేసుకుని చెప్పింది. ఆయన ఎంత జనంలో పడ్డా ఆ చుక్కను చూసుకుంటూ పోతే దొరుకుతాడట. మీ కాలంలో ఇవి లేవు గదా అవ్వా, అంత పెద్ద ఎయిర్‌పోర్టులో మీకు దారి ఎట్లా దొరికిందని అడిగింది. మోత విని పోయిన అన్నాను. నవ్వింది. ముసల్దానికి మతి తప్పుతోందని అనుకుందేమో, నా తల నిమిరి మరీ పోయింది.

ఆ సాయంత్రమే మా తమ్ముని బిడ్డను కలం తీయమన్నాను. వనపర్తిలో బడిపంతులమ్మ ఆమె, సెలవులకు అయిజకు వచ్చినప్పుడల్లా నా దగ్గరే పడుకుంటుంది. నాకు బస్సు మీది ఊరిపేర్లు పోల్చుకునేంత వరకే వచ్చు. నేను నా బొంగురు గొంతుతో చెబుతుంటే ఆమె దాన్ని పుస్తకాల భాషలోకి మలుచుకుంటూ రాస్తోంది. నేను అన్నది అన్నట్టు రాయమంటే, చదివేవాళ్లకు అర్థం కావాలె గదా అత్తా అంటుంది. నా మాట నీకు అర్థమైతలేదా అంటే, అయితుంది అంటుంది. మల్ల ఏంది అంటే నవ్వుతుంది. కాబట్టి ఇందులో నున్నగా ఉన్నది ఆమెదనీ, గరుకు తగిలిన చోటల్లా అది నాదనీ అనుకోండి.

మేము దూదేకులోళ్లం. రాయచూరు దిక్కు పోతే పింజారోళ్లు అంటారు. మా ఈడు వాళ్లకు నేను విడమర్చి చెప్పనక్కర లేదు గానీ, ఇప్పటి పిల్లలకు విల్లంటే రాముని బొమ్మలోనే తెలుసు. మా ఆయన భుజాన మోసిన విల్లు మనిషికంటే పొడుగు. దానికి బిగించిన నరం, నరాన్ని కొట్టడానికి చేతిలో ఒక కొయ్యగుండు, నడుమున దోపుకున్న దబ్బనం, అంటే పరుపులు కుట్టే ఇంత పొడుగు సూది, ఇవే ఆయన ఆస్తి. పాత పరుపులో గడ్డకట్టిన దూదిని నేల మీద పోసి, విల్లు దాని మీదికి వంచి కొడుతుంటే ఆ నరం పాడేది. దూది లేచి, విచ్చుకుని, కొట్టం నిండా తేలి, మా ఇద్దరి నెత్తుల మీదా కనురెప్పల మీదా వాలి, పెళ్లయిన కొత్తలోనే మేము ముసలివాళ్లలా కనబడేవాళ్లం. ఏకిన దూదిని గలీబులో, అంటే పరుపు గుడ్డసంచిలో, కూరడం నాది, కుట్టడం ఆయనది.

పెళ్లిళ్ల కాలం వస్తే ఆయన ఊళ్ల మీద పడేవాడు. ఇటు గద్వాల, అటు బీచుపల్లి దాటి వనపర్తి, ఒక్కోసారి ఖిల్లా ఘణపూర్ దాకా పోయి, కొత్త జంటలకు పరుపులు కుట్టి వచ్చేవాడు. వీధిలోకి వచ్చానని చెప్పడానికి కేక వేయడు, విల్లు నరాన్ని వేలితో మీటుతాడు. ధుంగ్, ధుంగ్, ఒక్క క్షణం ఆగి మళ్లీ ధుంగ్. అది ఆయన పద్ధతి. ఇంకొక దూదేకులాయన అయితే వేరే విధంగా మీటుతాడు. ఊరి చివర బస్సు దిగి ఆయన మీటిన మోత మా ఇంట్లోకి వినబడగానే నేను పొయ్యి మీద నీళ్లు పెట్టేదాన్ని. మసీదు మలుపు కాడికి వచ్చాడా, బావి కాడ ఎవరితోనన్నా మాటల్లో పడ్డాడా, అలసి వస్తున్నాడా, సంబరంగా వస్తున్నాడా అంతా ఆ మోతలోనే నాకు తెలిసిపోయేది. ఆయన నన్ను పిలిచే అవసరం రాలేదు, నేను ఆయన్ని పిలిచే అవసరం అంతకన్నా రాలేదు.

పిలవడం అంటే గుర్తుకొచ్చింది. మొగుని పేరు నోట తీయకూడదని మా అమ్మ నాకు పెళ్లినాడే గట్టిగా చెప్పి పంపింది. పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందట. నా ఈడు ఆడవాళ్లలో ఎంతమంది ఆ మాట విని నడిచారో మీకు తెలుసు. “ఓయ్” అంటాను, “ఇగో” అంటాను, బిడ్డ పుట్టినాక “పిల్ల నాయన” అన్నాను, అంతే. ఒకసారి రేషన్ కార్డు రాసే ఆయన వచ్చి మొగుని పేరేమిటని అడిగాడు. పక్కన ఎవరన్నా ఉంటే వాళ్లు చెప్పేవాళ్లు, ఆ రోజు ఎవరూ లేరు. మసీదు కాడికి పోయి విల్లు మీటే ఆయన పేరేమిటని అడిగి రాసుకోండి సారూ అన్నాను. ఎండలో పోయి అడిగి వచ్చి, “నీ మొగుని పేరు కోసం నన్ను ఊరంత తిప్పినవ్ గదమ్మా!” అని తిట్టుకుంటూ రాసుకున్నాడు పాపం. చదువొచ్చిన ఆడవాళ్లు ఇటువంటప్పుడు కాగితం మీద రాసిచ్చి తప్పించుకుంటారు. నాకు ఆ తోవ కూడా లేదాయె.

దూది అన్నం పెట్టింది, దూదే ఆయన ఛాతీలో కూర్చుంది. నడివయసు దాటేసరికి దగ్గు పట్టుకుంది. నాలుగు దెబ్బలు కొట్టి విల్లు పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని గాలి కోసం చూసేవాడు. దుమ్ము మానేయమన్నారు డాక్టర్లు. అప్పటికే గద్వాలలో మోటారుతో దూది ఏకే మిషన్లు వచ్చాయి, మా విల్లుకు పిలుపులు తగ్గాయి, అయినా ఆయన మానలేదు. ఏండ్ల తరబడి కూడబెట్టుకున్నదానితో హజ్ చేసి రావాలని ఆయనకు కోరిక. నాకు మాత్రం అక్కడికి పోయి అడగవలసింది ఒక్కటే ఉండింది. ఆయన ఊపిరి. ఇంకొంత కాలం ఆ ఊపిరి ఆయనలో ఉంచమని మక్కాలో ఆ అల్లా ఇంటి ముందర నిలబడి అడగాలి. నా పెట్టెలో బట్టలున్నాయో లేవో గానీ ఆ ఒక్క మాటను మాత్రం పదిలంగా కట్టుకుని బయలుదేరాను.

శంషాబాదులో కొత్త విమానాశ్రయం తెరిచిన కాలం అది. దాన్ని కట్టేటప్పుడు మట్టి మోయడానికి మా పాలమూరు దిక్కు నుంచి పోయినవాళ్లు కొందరు, ఆ నేల కింద మా చెమట ఉందని చెప్పుకునేవాళ్లు. లోపలికి అడుగు పెట్టగానే ఆ నున్నటి నేలను మా ఆయన చెప్పు విడిచి పాదంతో రుద్ది చూసి, “గీడ పరుపేస్తే గోడ దాక జారిపోతది” అన్నాడు. అప్పటికే కుట్టు లేని రెండు తెల్ల బట్టలు కట్టుకుని ఉన్నాడు. యాత్రకు పోయే మగవాళ్లందరిదీ అదే వేషం కదా. జీవితమంతా కుట్టి బతికిన మనిషికి కుట్టులేని బట్ట ఒంటిమీద నిలవక, చేత్తో పట్టుకుని నడుస్తూ, ఒక్క కుట్టు వేసుకుంటే ఏమవుతుందే అని నన్ను నెమ్మదిగా అడిగాడు. మెదలకుండా నడువు అన్నాను.

కుట్టడానికి సూది ఏదని నేను అడగలేదు, కానీ అది ఆయన చేతిసంచిలోనే ఉంది. సంచులు తనిఖీ చేసే చోట మిషను కూసింది, పోలీసాయన సంచిలో చెయ్యి పెట్టి దబ్బనం బయటికి తీశాడు.

“ఏంది పెద్దాయనా ఇది?”

“దబ్బనం సార్. పరుపు కుట్టేది.”

“విమానంల పరుపులు కుడ్తవా?”

“సంచి చినిగితే దేశంగాని దేశంల సూది యాడ ఎతుకుత సార్?”

“ఇది పట్టుకొని ఎక్కనియ్యరు. ఈడ పెట్టి పో.”

“జర పదిలంగ పెట్టుండ్రి మరి. మల్లొచ్చినంక తీస్కపోత.”

చుట్టూ ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. విమానం గాలిలోకి లేచినప్పుడు నేను కళ్లు గట్టిగా మూసుకుని దువా చదువుకుంటుంటే, ఆయన నా పక్కన కూర్చుని, దాని కన్ను ఎంత నున్నగ ఉండెనో అని ఆ దబ్బనాన్నే తలుచుకుంటున్నాడు.

జెద్దాలో దిగేసరికి పొద్దు బాగా ఎక్కింది. కాగితాలు చూసే చోట వరసలు దాటి బయటికి రాగానే ఎదురైన చోటును ఏమని చెప్పను? ఇల్లు కాదు, బయలు కాదు. గోడలు లేవు. కనుచూపు మేర ఎత్తయిన తెల్ల స్తంభాలు, వాటి మీద డేరాల్లా బిగించిన తెల్లగుడ్డ కప్పు, ఒక డేరా అవతల ఇంకొకటి, దాని అవతల మరొకటి, అన్నీ ఒక్క తీరుగా. లోకంలోని దేశాలన్నీ ఆ గుడ్డ కింద సంచులు పరుచుకుని కూర్చున్నాయి. మా ఆయన తల వెనక్కి వాల్చి చూసి, “ఎన్ని గలీబులే! గివి నింపాలంటే మన గద్వాల పత్తంత పోసినా సాలదు” అన్నాడు. నవ్వబోయి దగ్గాడు.

ఆయన నన్ను ఒక స్తంభం కాడ కూర్చోబెట్టి, తాను వచ్చేదాకా అక్కడినుంచి కదలవద్దని చెప్పి, మా గుంపు మగవాళ్లతో సామాన్లు తేవడానికి పోయాడు. నేను పోగొట్టుకుంటానని మా ఇద్దరి కాగితాలూ, నా మెడలో వేసుకోవలసిన పేరు చీటీ కూడా, ఆయన నడుముకు కట్టుకున్న పట్టీలోనే ఉన్నాయి. అంతలో మాతో వచ్చిన వనపర్తి పెద్దమ్మ నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవాలంది. ఆమెకు చూపు మందం, ఒంటరిగా పంపలేను. లేచే ముందు మళ్లీ అక్కడికే రావడానికి గుర్తు పెట్టుకోవాలి కదా, చుట్టూ చూశాను. పైన పలకల మీద రాతలు ఉన్నాయి, అవి నాకు రావు. అంకెలు ఉన్నాయి, అవి నా మనసున నిలవవు. పరుపులు కుట్టే ఇంటి ఆడదానికి ఏది కనబడుతుంది? ఆ స్తంభానికి ఆనించి ఎవరిదో ఎర్ర అంచు బొంత చుట్టి పెట్టి ఉంది. చిన్న చిన్న కుట్లు, దగ్గరి దగ్గరి కుట్లు, మంచి చెయ్యి ఎవరిదో. అదే నా గుర్తు అనుకుని పెద్దమ్మ చెయ్యి పట్టుకుని పోయాను.

తిరిగి వచ్చేటప్పుడు వేరే తలుపు నుంచి వచ్చామేమో, అంతా తిరగబడినట్టు కనబడింది. అయినా నేను భయపడలేదు, బొంత కోసం చూశాను. కనబడింది. ఎర్ర అంచు, అవే దగ్గరి కుట్లు. హమ్మయ్య అనుకుని ఆ స్తంభం కాడ కాళ్లు చాపుకుని కూర్చున్నాను. కొంతసేపటికి పెద్దమ్మ కొడుకు ఆమెను వెతుక్కుంటూ వచ్చి, నువ్వు కూడా రా అత్తా, మన బస్సులు వేరే దిక్కు ఉన్నాయట, మామను అక్కడ వెతుకుదాం అన్నాడు. ఆయన నన్ను ఇక్కడనే ఉండమన్నాడు, కదలను అన్నాను. ఎంత చెప్పినా వినకపోయేసరికి అతను తల్లిని తీసుకుని పోయాడు. నేను బొంతను చూసుకుంటూ ధీమాగా కూర్చున్నాను. ఆ తర్వాత ఎవరో నల్లటి పొడుగాటి మనుషులు, ఏ దేశమో తెలియదు, తమ సామాన్లు ఎత్తుకుంటూ ఆ బొంతను కూడా నెత్తిన పెట్టుకుని, నాకు సలాం చెప్పి ముందుకు పోయి, ఇంకొక స్తంభం కాడ దించారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ బొంత పొద్దుటినుంచీ వాళ్లతో పాటు స్తంభం నుంచి స్తంభానికి నడుస్తోందని. నేను కూర్చున్నది ఆయన చెప్పిన చోటు కాదు.

లేచి వెతకడం మొదలుపెట్టాను. మా సంతలో తప్పిపోతే ఆకుపచ్చ తలపాగా ఆయన, గళ్ల లుంగీ ఆయన అని ఏదో ఒక ఆనవాలు చెప్పి అడగవచ్చు. అక్కడ ఏం చెప్పి అడగను? మగవాళ్లందరికీ అవే రెండు తెల్లబట్టలు, ఒక భుజం మీద గుడ్డ, ఒక భుజం ఖాళీ. వెనుక నుంచి చూస్తే ప్రతి మనిషీ మా ఆయనే. ముందుకు పోయి చూస్తే ఒక్కడూ ఆయన కాడు. ఒకాయన నడక అచ్చం ఆయనదే అనిపించి, గుడ్డ అంచు పట్టుకుని “ఓయ్” అని లాగాను. తిరిగి చూస్తే గడ్డం తెల్లగా, కళ్లు నీలంగా ఎవరో పరాయి దేశం ముసలాయన. తౌబా తౌబా అని చెంపలు వేసుకున్నాను. లబ్బైక్, లబ్బైక్, వచ్చాము దేవుడా అని గుంపులు గుంపులుగా అంటూ బస్సులు ఎక్కి పోతుంటే, ఆ పవిత్రమైన మాట చెవిన పడుతున్నా నేను మాత్రం ఆయన నడక కోసమే చూసుకుంటూ తిరిగాను. ఆయన దగ్గుకు మందులు నా చేతిసంచిలో ఉన్నాయి. నా కాగితాలు ఆయన నడుములో ఉన్నాయి.

“యాడున్నవయ్యా, ఓ పిల్ల నాయనా” అని నాలో నేనే ఏడ్చుకుంటుంటే, సామాన్ల బండ్లు నెట్టుకుపోతున్న ఒక నడివయసు మీసాల మనిషి ఠక్కున ఆగాడు.

“అమ్మా, తెలుగోళ్లా? ఏ ఊరు?”

“గద్వాల కాడ అయిజ నాయనా.”

“అరె, మాది నాగర్‌కర్నూలు! ఏందమ్మా, ఎందుకు పరేషాన్ అయితున్నవ్?”

ఆ క్షణంలో అతను నాకు పుట్టింటి మనిషిలా కనబడ్డాడు. సంగతి చెప్పాను. రా అని, బండి పక్కన పెట్టి, మైకులో పేర్లు పిలిచే చోటికి నన్ను తీసుకుపోయాడు. బల్ల వెనక కూర్చున్న ఆయన ఉర్దూలో అడిగాడు, ఇతను నాకు తెలుగులో చెప్పాడు.

“మీ ఆయన పేరేందమ్మా?”

“మా ఇంటాయన.”

“అది సరే. పేరు?”

“మా పిల్ల నాయన.”

“అమ్మా, మైకుల ఇంటాయన అని పిలిస్తే ఈడున్న మగోళ్లందరు లేసొస్తరు. పేరు జెప్పు.”

“నా పేరు జెప్త. నన్ను పిలువుండ్రి, ఆయనే ఉరికొస్తడు.”

“ఈ దేశంల ఆడోళ్ల పేర్లు మైకుల పిలువరమ్మా. ఆయన పేరే గావాలె. పోనీ రాసిస్తవా?”

“రాదు నాయనా.”

అతనికి అప్పుడు అర్థమైంది. వాళ్లమ్మ కూడా అంతేనట. తల గోక్కుని, సరే, నేను ఒక్కొక్క పేరే చెబుతా, ఔనంటే తల ఊపు అని, తనకు తెలిసిన పేర్లన్నీ వరసపెట్టి చెప్పుకుంటూ పోయాడు. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. మా దూదేకులోళ్ల పేర్లు సగం దర్గా పీరువి, సగం మన తెలుగువి. అతని వరసలో ఆ పేరు ఎట్లా వస్తుంది? బల్ల వెనకాయన గడియారం చూస్తున్నాడు. నా వెనక ఇంకెవరో తప్పిపోయినవాళ్లు నిలబడ్డారు. “జెప్పమ్మా, బస్సులు పోతున్నయ్, ఆడ ఆయనేం తిప్పలు పడ్తుండో” అన్నాడు నాగర్‌కర్నూలు ఆయన.

ఆయుష్షు అడగడానికి ఇంత దూరం వచ్చిన దాన్ని. ఆ ఇంటి గడప ఇంకా తొక్కలేదు. గడప బయటే నా నోటితో నేనే ఆ ఆయుష్షును కోసుకోవాలా? చెప్పకపోతే ఆ మందులు లేని ఛాతీతో ఆయన ఈ ఎండలో నా కోసం ఎంతసేపు తిరగాలి? ఇప్పటివాళ్లకు ఇది నవ్వులాటగా ఉంటుంది. నాకు మాత్రం ఆ బల్ల ముందర రెండు దిక్కులా నుయ్యే కనబడింది. చివరికి అల్లా చూసుకుంటాడనుకుని నోరు తెరిచాను. మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది కూడా.

అప్పుడు వినబడింది. ధుంగ్. ధుంగ్. ఒక్క క్షణం ఆగి, ధుంగ్.

నోరు మూసేశాను. ఆ లబ్బైక్‌ల కింద నుంచి, బస్సుల హారన్ల మధ్య నుంచి, పిల్లల ఏడుపుల అవతలి నుంచి, విల్లు మోత. విల్లు అయిజలో గోడకు వేలాడుతోంది కదా, ఇక్కడికి ఎట్లా వచ్చింది? మళ్లీ వచ్చింది, ధుంగ్, ధుంగ్, ఈసారి మూడోది రాకుండానే దగ్గు వచ్చింది. ఇక నాకు పలకలతో పని లేదు, స్తంభాలతో పని లేదు. మా ఇంటి గడప దిగి మసీదు మలుపుకు పోయినట్టే, ఆ తెల్లబట్టల మనుషుల మధ్య నుంచి మోత వచ్చిన దిక్కుకు నడుచుకుంటూ పోయాను. వెనక నుంచి నాగర్‌కర్నూలు ఆయన, అమ్మా, యాడికే అని కేక వేస్తూ వచ్చాడు.

మా సంచుల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ దొప్ప చేసి నోటికి పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బగా, నోటితోనే విల్లు మోగిస్తున్నాడు. చుట్టూ జనం, ఈ పెద్దాయనకు ఏమైందోనని నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి చేతులు దించాడు. ముఖమంతా చెమట.

“యాడున్నవే?”

“ఈడనే ఉన్న.”

అంతే. నన్ను తిట్టలేదు. నేను మందు తీసి ఇచ్చాను. నాగర్‌కర్నూలు ఆయన ఆయాసపడుతూ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏం పెద్దాయనా, గింత తిప్పలెందుకు? మైకు కాడికొస్తే అయిపోతుండె గద!”

“వద్దామనుకున్న. ఆమె పేరు అడుగుతరని రాలే. పదిమందిల ఇంటామె పేరెట్ల జెప్తనయ్యా!”

అతను నెత్తి కొట్టుకున్నాడు. “ఇద్దరికిద్దరు మంచిగ దొరికిండ్రు! పేర్లు లేకుండ ఇన్నేండ్లు సంసారమెట్ల జేసిండ్రు?”

“మోత మీద” అన్నాడు మా ఆయన, దగ్గుకూ నవ్వుకూ మధ్య.

నాగర్‌కర్నూలు ఆయన మా సంచులు తన బండిలో వేసుకుని బస్సు దాకా దిగబెట్టాడు. పోయేటప్పుడు అతను మా ఆయన చేతులు రెండూ తన కళ్లకు అద్దుకుని, ఊరికి పోయినప్పుడు మా అమ్మకు చెప్పండి నేను బాగున్నానని అన్నాడు. తిరిగి వచ్చినాక నాగర్‌కర్నూలు పోయి ఆమెకు చెప్పి వచ్చాము కూడా. బస్సు దాకా నా కొంగు అంచు మా ఆయన పిడికిట్లోనే ఉంది. ఎవరు చూస్తారోనని కూడా ఆయన చూడలేదు. అంత పట్టపగలు, అంత జనంలో ఆయన నా కొంగు పట్టుకుని నడవడం అదే మొదలు, అదే ఆఖరు.

అడగవలసింది అడిగాను. ఆ ఇంటి ముందర నిలబడి వేరే ఏదీ గుర్తుకు రాలేదు, మా బిడ్డ గురించి కూడా తర్వాతే అడిగాను. ఇచ్చాడు అల్లా, కొన్నేండ్లు. తిరిగి వచ్చినప్పుడు శంషాబాదులో మా ఆయన నిజంగానే దబ్బనం కోసం అడిగాడు. అక్కడున్నది వేరే మనుషులు, ఏం దబ్బనం అన్నారు. పూలదండలతో వచ్చిన మా తమ్ముడు, హాజీ సాబ్‌వి అయినవ్, ఇంకా సూది కోసం కొట్లాడుతున్నావా బావా అని నవ్వాడు. కొత్తది కొన్నాడు గానీ చివరిదాకా దాని కన్ను మంచిది కాదనే అన్నాడు.

ఆ తర్వాత విల్లు మీటడానికి చేతికి సత్తువ లేనప్పుడు, బజారు నుంచి వస్తూ మలుపు కాడ నోటితోనే ఒక్క ధుంగ్ అనేవాడు. నేను నీళ్లు పెట్టేదాన్ని. దవాఖానలో కాగితం రాసే ఆమె పేరడిగినప్పుడు కూడా నేను మా తమ్ముని వైపే చూశాను. ఖబరస్తాన్‌లో రాయి మీద ఆ పేరు చెక్కించారు. నాకు చదవడం రాదు గానీ ఆ అక్షరాల వంపులు తెలుసు, మొదటిది ఏకిన దూదిలా గుండ్రంగా ఉంటుంది.

ఇప్పుడు మా వీధిలో విల్లు మీటేవాళ్లు లేరు. పెళ్లిళ్లకు స్పాంజి పరుపులు వ్యాన్లలో వస్తున్నాయి, వాటికి ఏకడం లేదు, కుట్టడం లేదు, గడ్డ కట్టడం కూడా లేదట. గోడకున్న విల్లు నరం సడలిపోయి వేలాడుతోంది, వేలితో తాకితే దుమ్ము రాలుతుంది గానీ పలకదు. పక్కింటి పిల్ల ఫోనులో పచ్చచుక్కను నేను మంచిగానే చూశాను. అది మంచిదే, ఆ పిల్ల నాలా స్తంభాల మధ్య ఏడవదు. ఆ చుక్క ఆయన ఎక్కడున్నాడో చెబుతుంది, అలసి ఉన్నాడో సంబరంగా ఉన్నాడో చెబుతుందా అని అడుగుదామనుకుని, పోయేముందు పిల్లను ఎందుకు బాధపెట్టాలని ఊరుకున్నాను. మధ్యాహ్నం పూట ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నేను ఇంకా వీధి మలుపు వైపు చెవి పెట్టే కూర్చుంటాను. అలవాటు.

ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఇప్పుడు లేదు, తగ్గడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఆ పేరు నా నాలుకకు తిరగడం లేదు. మొన్న ఎవరూ లేనప్పుడు అనబోయి చూశాను. మొదటి అక్షరం కాడికి వచ్చి, ఆ బల్ల ముందర ఆగినట్టే ఆగిపోయాను, ఈసారి ఏ మోతా వచ్చి నన్ను ఆపకపోయినా.

అందుకే బిడ్డా, ఒక పని చెయ్యి. రాసింది రాసినట్టే ఉండనీ, అందులో ఆయన పేరు పెట్టకు. నాకు చదివి వినిపించేటప్పుడు మాత్రం, నేను మా ఆయన, మా ఆయన అన్న ప్రతి చోటా, మీ మామ పేరు పెట్టి చదువు. నీ నోటి నుంచి అయినా వింటాను. గట్టిగా చదువు, నాకు చెవులు మందగించాయి. ఇగ మొదటి నుంచి చదువు.